కోవూరులో తెల్లవారుజాము పొగ: థర్మల్‌దా, మన వీధిదా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నెల్లూరు పక్కన కోవూరులో ఇల్లు. సంక్రాంతి దాటినప్పటి నుంచి తెల్లవారుజామున వీధి చివరి వాటర్ ట్యాంకు కనబడనంత మసక. బాబుకి రాత్రిళ్లు పిల్లికూతలు. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న మీటర్ ఉదయం 6 గంటలకు పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని కణాలు) 140 అంటోంది, మధ్యాహ్నం 2కి 35 అంటోంది. పక్కింటాయన కృష్ణపట్నం థర్మల్ పొగ అంటున్నారు, మీ మామగారు ఉత్త మంచే అంటున్నారు, ఆఫీసులో ఒకరు వరిగడ్డి కాలుస్తున్నారు అన్నారట. పైగా మేడ మీద నల్లటి నుసి. వీళ్లలో ఎవరి మాట నిజమో తేల్చుకోవడం ఎలా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లు గాలి నమూనాలు తీసే పనిలో ఉన్నాను. నెల్లూరు, ఒంగోలు, చీమకుర్తి, కందుకూరు, ఇలా చాలా ఊళ్లలో పంపు పెట్టె మేడ మీదకి మోసి, మర్నాడు దింపడమే నా ఉద్యోగం. అందుకని ముందే ఒక మాట. "ఎవరి పొగ" అన్న ప్రశ్నని పక్కన పెట్టి "ఎన్ని గంటలకు, ఏ గాలికి" అని అడగండి. ఆ ముగ్గురి వాదనలో సగం అక్కడే తేలిపోతుంది.

మొదట మీటర్ సంగతి. అది చూపేది ఏక్యూఐనా (గాలి నాణ్యత సూచీ), మైక్రోగ్రాములా అన్నది సెట్టింగ్స్‌లో చూసుకోండి. రెండూ ఒకటి కావు. మన దేశపు లెక్కలో పీఎం 2.5 ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉంటే ఏక్యూఐ 100. మీది మైక్రోగ్రాములే అనుకుందాం. ఆ పెట్టెలో ఒక చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, దాని మీద లేజర్ వెలుగు పడుతుంది, కణాలకు తగిలి చెదిరిన వెలుగుని బట్టి ఎంత బరువు ఉండొచ్చో చిప్ ఊహిస్తుంది. తూకం వేయదు. తెల్లవారుజామున తేమ 90 శాతం దాటిందంటే గాలిలోని కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ముసురు రోజుల్లో మూత తీసిన ఉప్పు డబ్బాలా. ఉబ్బిన కణం వెలుగుని ఎక్కువ చెదరగొడుతుంది, మీటర్ దాన్ని కూడా ధూళి కింద లెక్కేస్తుంది.

అమెరికా పర్యావరణ సంస్థ, ఈపీఏ, ఇలాంటి సెన్సర్లున్న పర్పుల్‌ఎయిర్ అనే కంపెనీ మీటర్లకు ఒక సవరణ లెక్క కట్టింది. చూపిన అంకెని 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేసి, 5.75 కలపాలి. తేమ 95 శాతం అనుకుంటే మీ 140 కాస్తా 71కి దిగుతుంది. తేమ 50 ఉన్న మధ్యాహ్నం 35 అయితే 20 దగ్గరికి వస్తుంది. ఆ లెక్క అమెరికా గాలికి కట్టింది, కోవూరుకి అచ్చంగా సరిపోదు. అయినా మీ 140ని అలాగే పట్టుకుని టెన్షన్ పడొద్దని చెప్పడానికి చాలు. అలాగని 71 మంచి గాలి అనడం లేదు. మన 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు 60 దాటకూడదు, ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులు ఇంకా కింద, 24 గంటలకు 15, ఏడాదికి 5.

మీ మామగారి మాటలో కొంత నిజం ఉంది. డిసెంబరు దాకా పడ్డ వానల తడి, చుట్టూ నీళ్లు నిలిచిన వరి మళ్లు, ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రి, ఇవన్నీ కలిస్తే మంచు కమ్ముతుంది. మంచు బొట్టు పీఎం 2.5 కణం కంటే చాలా పెద్దది, ఎండ తగలగానే ఆవిరైపోతుంది. కాబట్టి ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా ఒక్కసారిగా తెర తీసేసినట్టు పోతే అందులో ఎక్కువ మంచే. పదిన్నరకి తేమ 60కి దిగాక కూడా దూరపు తాటిచెట్లు నీలంగా మసకేసి, గొంతులో గరగర ఉంటే అది పొగ. స్కూటర్ సీటు తడిసింది కాబట్టి మంచే అని వాదించేవాళ్లు ఉంటారు. సీటు తడిస్తే రాత్రి మంచు కురిసిందని అర్థం, పొగ లేదని కాదు. రెండూ ఒకే పొద్దున ఉండొచ్చు, చాలాసార్లు ఉంటాయి. పొగ కణాలు గాలిలో ఉంటే వాటి చుట్టూ నీరు చేరి మంచు ఇంకా చిక్కగా పడుతుంది.

ఇప్పుడు పొగని కిందే ఆపేసే మూత సంగతి. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, అందుకే కింది వేడి పొగ పైకి లేస్తుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లారి, కింది గాలి చల్లగా, దాని పై గాలి వెచ్చగా తయారవుతుంది. దాంతో కింది పొగ పైకి పోలేదు. ఊరి మీద వందా రెండొందల మీటర్ల ఎత్తులో మూత పెట్టినట్టే. మధ్యాహ్నానికి ఆ మూత లేచి కిలోమీటరు పైకి పోతుంది. పడకగదిలో వెలిగించిన అగరుబత్తి, కల్యాణమండపంలో వెలిగించిన అగరుబత్తి ఒకేలా వాసన కొట్టవు కదా. అందుకే ఉదయం 6కి ఎక్కువ, మధ్యాహ్నం 2కి తక్కువ ఉన్నంత మాత్రాన పొద్దునే ఎవరో ఎక్కువ కాలుస్తున్నారని చెప్పలేం. మీరు రాత్రి 8 గంటల అంకె రాయలేదు. అది కావాలి. అప్పుడు కూడా పెరుగుతుంటే మీ మూత సాయంత్రానికే పడుతోందన్నమాట.

ఇక థర్మల్. కృష్ణపట్నం మీకు ఆగ్నేయంగా ఉంది. జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజాముల్లో మన దగ్గర గాలి కదిలితే నేల మీద నుంచి సముద్రం వైపు కదులుతుంది, అంటే పడమర నుంచో వాయవ్యం నుంచో. ఆ వేళకి కృష్ణపట్నం పొగ మీ ఇంటికి రావాలంటే గాలికి ఎదురీదాలి. ఇంకో సంగతి చిమ్నీ ఎత్తు. 500 మెగావాట్లు, ఆ పైబడ్డ యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ కట్టాలని మన నియమం. రాత్రి మూత రెండొందల మీటర్ల దగ్గర ఉంటే ఆ చిమ్నీ మూత పైన పొగ వదులుతుంది, కింద ఉన్నవాళ్లకి అది అప్పటికి తగలదు. మన వీధిలో ఆరడుగుల ఎత్తున కాలే చెత్తకుప్ప మాత్రం మూత కిందే ఉంటుంది.

థర్మల్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాని వేళ వేరు అంటున్నాను. రాత్రి పైన నిలిచిన పొగ, పొద్దెక్కి మూత విరిగేటప్పుడు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అలాగే మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక చిమ్నీ పొగ లోపలికి మళ్లి, నేల వేడికి సుడులు తిరిగే గాలిలో చిక్కి అక్కడక్కడా కిందికి వస్తుంది. కాబట్టి మీ మీటర్ ఉదయం తొమ్మిది, పది మధ్యలోనో, తూర్పు గాలి తిరిగిన గంటకో ఎగబాకితే, దగ్గరలోని గాలి కొలిచే స్టేషన్‌లో, బొగ్గు కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కూడా అదే గంటలో లేస్తే, అప్పుడు పక్కింటాయన మాట వినాలి. ప్లాంటుకి దగ్గరలోని ముత్తుకూరు, నేలటూరు వైపు ఉన్నవాళ్ల లెక్క కూడా వేరు. బొగ్గు, బూడిద దుమ్ము పెద్ద కణాలు, దగ్గరలోనే రాలతాయి. పాతిక కిలోమీటర్లు ప్రయాణం చేసేది చిమ్నీలోంచి వచ్చే వాయువు. అది దారిలో గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక సల్ఫేట్ కణంగా మారుతుంది. ఎరువుల నుంచి, పశువుల కొట్టాల నుంచి వచ్చే అమ్మోనియా దానికి జత కలుస్తుంది. అంటే థర్మల్ వాటా చాలావరకు మీకు పొగలా కనబడదు, కొన్ని రోజుల పాటు ఊళ్లకు ఊళ్లనే కప్పే తెల్లటి మసకలో కలిసి ఉంటుంది.

దాన్ని పట్టుకునే సులువు ఒకటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మీకు దగ్గరి స్టేషన్‌తో పాటు విజయవాడవి, చెన్నైవి కూడా చూడండి. అన్నిచోట్లా ఒకే రెండు మూడు రోజుల్లో పెరిగి, వాన పడగానో గాలి మారగానో కలిసి తగ్గితే, అది మీ వీధిది కాదు. చలికాలంలో ఉత్తరాది మైదానాల పొగ బంగాళాఖాతం మీదకి దిగి ఈశాన్య గాలితో మన తీరానికి వస్తుంది. 1999 తొలి నెలల్లో ఇండోయెక్స్ అనే అంతర్జాతీయ పరిశీలనలో ఓడలు, విమానాలతో ఉత్తర హిందూ మహాసముద్రం మీద గోధుమ రంగు పొగ దుప్పటిని కొలిచారు. సముద్రపు గాలి అంటే శుభ్రమైన గాలి అన్న మన నమ్మకం ఆ నెలల్లో చెల్లదు.

గడ్డి విషయానికి వద్దాం. మీ ఆఫీసాయన ఎక్కడివారో గానీ మన డెల్టా పంట లెక్క తెలిసినట్టు లేదు. జనవరిలో కోవూరు చుట్టూ వరి పచ్చగా ఉంటుంది. కోతలు ఫిబ్రవరి చివర మొదలై మార్చి, ఏప్రిల్‌లో జోరందుకుంటాయి. పచ్చటి పొలాన్ని ఎవరు తగలబెడతారు? కోత మిషన్ పోయాక తర్వాతి పంట, అంటే ఎడగారు, నాట్ల తొందరలో కొయ్యకాళ్లకి నిప్పు పెట్టడం ఉంది, కానీ అది మీ ఇప్పటి మసకకి కారణం కాదు. అనుమానం ఉంటే నాసా వారి ఫర్మ్స్ మ్యాప్ తెరవండి, ఉపగ్రహానికి కనబడ్డ మంటలు ఎర్ర చుక్కల్లా చూపిస్తుంది. ఒక హెచ్చరిక: ఉపగ్రహం మీ మీదుగా పోని వేళలో పెట్టిన మంట, చిన్న చెత్త మంట, బట్టీలో మూసి కాల్చే మంట అందులో రావు. చుక్క ఉంటే మంట ఉన్నట్టు. చుక్క లేకపోతే ఏమీ తేలనట్టు.

మేడ మీది నుసి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉంది. ఈ పని ఇంట్లోనే చేయొచ్చు. సెల్లోటేప్ ముక్క నుసి మీద అద్ది, గాజు పలక మీద అంటించి, దగ్గరలోని స్కూల్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెట్టించండి. థర్మల్ బూడిద అయితే గాజు గోళీల్లా గుండ్రటి పూసలు కనబడతాయి. బాయిలర్ వేడికి బొగ్గులోని ఖనిజం కరిగి, గాలిలోనే బొట్టుగా గట్టిపడటం వల్ల ఆ గుండ్రదనం. బొగ్గు పొడి అయితే పగిలిన పెంకుల్లా మొనలు తేలి, నల్లగా మెరుస్తుంది. రైస్ మిల్లు ఊక నుసి అయితే నల్లటి సన్నని పేలికలు, వాటి మీద వరుసల్లో చిన్న చిన్న బొడిపెలు. ఊకలో సిలికా ఎక్కువ, కాలినా పై చర్మం ఆకారం పోదు. వడ్లగింజ చర్మాన్ని భూతద్దంలో చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఒకసారి ఇలాగే థర్మల్ బూడిద అని గొడవైన ఒక వీధిలో నేను తీసిన టేపు నిండా ఊక పేలికలే. ఆ వీధి పెద్దాయన మైక్రోస్కోప్‌లోంచి కన్ను తీయకుండానే "ఇదేంది సార్, మా వడ్లే!" అన్నాడు. ఆయనకే ఒక మిల్లులో వాటా ఉంది.

అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి. మేడ మీద రాలిందంటే అది పెద్ద కణం. మీ బాబు ఊపిరితిత్తుల లోతుకి పోయేది రాలదు, కంటికి కనబడదు. తల వెంట్రుక మందంలో పాతికో వంతు, ముప్పయ్యో వంతు ఉంటుంది. నుసి ఎవరిదో చెబుతుంది గానీ పీఎం 2.5 ఎవరిదో పూర్తిగా చెప్పదు. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి దారిలో పోతే కారు అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. కానీ రాయి కోసినప్పుడు, లారీ చక్రం నలిపినప్పుడు లేచే దుమ్ములో ఎక్కువ భాగం పెద్ద కణాలే. పీఎం 10లో (ఇంకాస్త పెద్ద కణాలు కూడా కలిపిన లెక్క) పీఎం 2.5 వంతు దుమ్ముకి తక్కువ, పావు అటూ ఇటూ. పొగకి సగం దాటి మూడు వంతుల దాకా పోతుంది. మీ మీటర్ రెండూ చూపించినా దాని పీఎం 10 అంకెని నమ్మకండి, ఆ సెన్సర్లు పెద్ద కణాలను సరిగా పట్టవు. స్టేషన్ అంకెలతోనే ఈ భాగాహారం చేయండి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన ఎన్‌క్యాప్ (జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం) జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. అందులో ఊళ్ల ప్రగతిని ఎక్కువగా పీఎం 10తోనే కొలుస్తున్నారు కాబట్టి రోడ్లు ఊడ్చే మిషన్లు, నీళ్లు చల్లే ట్యాంకర్లు వచ్చాయి. రోడ్డు తడిపితే దుమ్ము అణుగుతుంది, పొగ అణగదు.

మరి మీ పొద్దుటి పొగ ఎవరిది? నోట్‌బుక్ చూడకుండా తీర్పు చెప్పను గానీ, నా అనుమానితులు అందరూ మూత కిందివాళ్లే. వేన్నీళ్ల కోసం పెరట్లో ముట్టించే కట్టెల పొయ్యిలు. తెల్లారకముందే ఊడ్చి అక్కడే అంటించే ఆకుల కుప్పలు, అందులో ప్లాస్టిక్ కవర్లు. ఊకతో నడిచే మిల్లు బాయిలర్లు. వానలు వెళ్లాక మొదలయ్యే ఇటుక బట్టీలు. రాత్రంతా హైవే మీద లారీలు. రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు. చిల్లకంప (సర్కారు తుమ్మ) బొగ్గు బట్టీలు దగ్గరలో ఉంటే వాటిని మొదట చూడండి. గాలి తగలనీయకుండా మట్టి కప్పి రోజుల తరబడి కుమిలిస్తారు, మండే మంట కంటే కుమిలే కట్టె ఎన్నో రెట్లు పొగ ఇస్తుంది.

ఇంకొకటి, ఇది నాకు సిగ్గు తెప్పించిన అనుభవం. కందుకూరు దగ్గర మేము చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఫిల్టర్లు తీశాం. ఫిల్టర్ అంటే రిస్ట్‌వాచీ డయల్ కంటే కాస్త పెద్ద తెల్లటి టెఫ్లాన్ బిళ్ల. 24 గంటల తర్వాత పట్టకారుతో ఎత్తితే రంగే సగం కథ చెబుతుంది. లారీల రోడ్డు పక్కన మసి నలుపు, ఎండాకాలం మట్టి రంగు, కట్టెపొగ రోజుల్లో టీ డికాక్షన్ ఒలికినట్టు గోధుమ రంగు. దానితో పాటు క్వార్ట్జ్ ఫిల్టర్ ఇంకొకటి, కర్బనం కొలవడానికి. ల్యాబ్‌లో లోహాలు, లవణాలు చూస్తారు. అల్యూమినియం, సిలికాన్, కాల్షియం ఉంటే మట్టి. ఆర్సెనిక్, సెలీనియం బొగ్గు వైపు వేలు చూపిస్తాయి. వనేడియం, నికెల్ జంటగా వస్తే ఓడల మందనూనె, 2020లో ఓడల ఇంధనంలో గంధకాన్ని 0.5 శాతానికి కట్టడి చేశాక ఆ గుర్తు పలచబడింది. పొటాషియం, లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థం ఉంటే కట్టె, గడ్డి, ఊక లాంటివి కాలినట్టు. లెవోగ్లూకోసాన్ డీజిల్‌లోంచి రాదు.

ఈ అంకెలన్నీ పీఎంఎఫ్ అనే లెక్కలోకి ఎక్కిస్తారు. ఏవేవి కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయో చూసి గుంపులుగా విడగొట్టే పద్ధతి అది. కనీసం వంద ఫిల్టర్లయినా లేకపోతే దాని జోలికి పోవద్దు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, కంప్యూటర్ గుంపులే ఇస్తుంది, పేర్లు పెట్టేది మనం. మాకు ఫిబ్రవరిలో ఉబ్బిన పొటాషియం గుంపు ఒకటి వచ్చింది. ఏసీ గదిలో కూర్చుని దానికి "వరిగడ్డి దహనం" అని పేరు పెట్టేశాం. రిపోర్టు బైండింగ్‌కి వెళ్లే ముందు రోజు మా జీపు డ్రైవర్ ఆ గ్రాఫ్ చూసి నవ్వాడు. "ఆ నెల్లో గడ్డి యాడుంది సార్, బ్యారన్లు కదా కాలేది!" నిజమే. జనవరి నుంచి మార్చి దాకా ఆ మెట్ట ఊళ్లన్నిటా వర్జీనియా పొగాకు బ్యారన్లు రాత్రింబవళ్లు కాలుతుంటాయి. ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌కి ఎక్కించి, బయటి పొయ్యిలో మొద్దులు వేసి, ఇనుప గొట్టాల వేడితో రోజుల తరబడి ఆకుని పండించి ఆరబెడతారు. పొగ ఆకుకి తగలదు, గొట్టంలోంచి ఊరి మీదకి పోతుంది. పేరు మార్చి రిపోర్టు మళ్లీ రాశాం. గడ్డి పేరే ఉండిపోయి ఉంటే ఆ లెక్క చూసి ఎవరో వరి రైతులకి జరిమానాలు వేసేవాళ్లు. మీకు వాయవ్యంగా కలిగిరి వైపు కూడా బ్యారన్లు ఉన్నాయి. వాయవ్యపు గాలి తిన్నగా వీచిన రాత్రుల మర్నాడు మీ అంకె పెరుగుతోందేమో చూడండి.

మీరు చేయాల్సిన పని చిన్నదే. పదిహేను రోజులు, ఉదయం 6, 8, 10, మధ్యాహ్నం 2, రాత్రి 8, ఈ ఐదు వేళల్లో మీటర్ అంకె, తేమ, గాలి దిక్కు, వాసన రాయండి. గాలి దిక్కుకి యాప్ వద్దు. మేడ మీద అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూస్తే చాలు, మీటర్‌కి దూరంగా వెలిగించండి. వాసన కాలమ్ వదిలేయకండి. కాలిన ప్లాస్టిక్, కట్టె, డీజిల్, ఊక ఇవి నాలుగూ ముక్కుకి నాలుగు రకాలు, ఏ సెన్సరూ అంత చవగ్గా విడదీయలేదు. ఒకరోజు ఉదయం ఐదున్నరకి మీటర్ చేత్తో పట్టుకుని గాలికి ఎదురుగా అర కిలోమీటరు నడవండి. అంకె పెరుగుతూ పోతే మూలానికి దగ్గరవుతున్నారు. ఎంత నడిచినా మారకపోతే అది ఊరంతా పరుచుకున్న పొగ.

బాబు సంగతికి డాక్టరు మాటే మాట, ఇన్‌హేలర్ రాసి ఉంటే మానిపించొద్దు. నోట్‌బుక్ పూర్తయ్యేదాకా ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు పడకగది కిటికీలు మూసి ఉంచండి, ఆటలు సాయంత్రం నాలుగుకి మార్చండి, దోమల కాయిల్ తీసేసి తెర కట్టండి. మూసిన గదిలో ఒక కాయిల్ రాత్రంతా వెలిగితే ఈ బయటి లెక్కలన్నీ దాని ముందు తేలిపోతాయి. నిజానికి మీ మీటర్‌ని ఒక రాత్రి బాబు మంచం పక్కన పెట్టి చూడమని మొదటే చెప్పాల్సింది. ఆ అంకె కూడా రాసి, పదిహేను రోజుల పేజీల ఫొటోలు ఇక్కడ పెట్టండి, గాలి దిక్కు కాలమ్ ఖాళీ లేకుండా.